ధర తెలియని చెయ్యి

నాయుడుపేటలో బస్సెక్కి తిరుపతి వస్తున్నాను. శ్రీకాళహస్తి దాటాక డ్రైవరు టేప్‌రికార్డర్ పెట్టాడు. పాట సగంలో ఉండగా స్పీకర్లలోంచి టిక్ టిటిక్ టిటిక్ అని, ఆ వెంటనే బర్‌ర్‌మని ఒక శబ్దం వచ్చింది. మొబైల్ మోగడానికి క్షణం ముందు పక్కనున్న స్పీకరు అలా గొణుగుతుంది. బస్సులో ఎవరూ పట్టించుకోలేదు. నేను మాత్రం సీట్లోంచి లేచి, ఆ ఫోను ఎవరి దగ్గరుందా అని ముందు వరసలన్నీ వెతికాను. కండక్టరు జేబులో ఉంది. అతను ఫోను బయటికి తీస్తూ, "ఏం సార్, ఈడే దిగాల్నా?" అన్నాడు. కాదని చెప్పి కూర్చున్నాను.

అలా లేవడం నా అలవాటు కాదు, మేడం అలవాటు. ఎక్కడ ఏ గరగర వినిపించినా, అది ఎక్కణ్ణుంచి వస్తోందో తేలేదాకా ఆమె కూర్చునేవారు కాదు. మేడం పోయి ఏడాది దాటింది. ఆ వార్త విన్న రోజున నాకు ఆమె ముఖం కూడా సరిగ్గా గుర్తు రాలేదు. ఇప్పుడీ బస్సులో, రేణిగుంట వచ్చేలోపల, మనిషంతా వచ్చి పక్క సీట్లో కూర్చున్నట్టయింది.

తిరుపతిలో మా భౌతికశాస్త్ర విభాగంలో మేడంలు ఇంకొందరు ఉండేవారు. వాళ్ళందరికీ ముందు పేరు చేర్చి పిలిచేవాళ్ళం. ఉత్త 'మేడం' అంటే ఈమె ఒక్కరే. విశ్వం బాల్యంలో పుట్టిన తొలి గెలాక్సీల్లో ఉండే వాయువునూ దుమ్మునూ రేడియో టెలిస్కోపుతో వెతకడం ఆమె పని. అదేమిటో ఆమె చెప్పే పద్ధతిలోనే చెబుతాను, ఎందుకంటే నా పద్ధతిలో చెబితే సమీకరణాలు వస్తాయి.

చల్లటి హైడ్రోజన్ వాయువు ఒకే ఒక్క పొడవున్న రేడియో తరంగాన్ని మింగుతుంది. ఆ పొడవు జానెడు. మేడం ఇక్కడ చెయ్యి చాచి, బొటనవేలి నుంచి చిటికెనవేలి దాకా జాన చూపించేవారు. విశ్వం సాగుతూ ఉంటుంది; దానితోపాటు దారిలో ఉన్న తరంగమూ సాగుతుంది. అంత పాత గెలాక్సీ దగ్గర జానెడు ఉన్నది మన దగ్గరికి చేరేసరికి గజమవుతుంది. "జానెడు బయల్దేరి గజమై వచ్చినాదంటే, దారిలో ఎంత కాలం నడిచినాదో లెక్కేసుకో," అనేవారు. ఆ గెలాక్సీకి వెనకాల, ఇంకా దూరంలో, రేడియోలో బాగా వెలిగే వస్తువు ఏదైనా ఉంటే, దాని వెలుగు మన వైపు వస్తూ వస్తూ ఈ వాయువులోంచి దాటుతుంది. వాయువు అందులోంచి తనకు కావలసిన ఆ ఒక్క తరంగాన్ని చిటికెడు తీసుకుంటుంది. కాగితం మీద గీస్తే, సన్నగా వణుకుతూ పోయే గీతలో ఒకచోట చిన్న గుంత పడుతుంది. మేడం జీవితం మొత్తం ఆ గుంతల కోసం.

దుమ్ము గురించి ఆమె మాట వేరు. గది ఊడ్చి బల్ల తుడవడానికి వచ్చే ఆయమ్మతో రోజూ చెప్పేవారు:

"మెల్లగా తుడువమ్మా. దుమ్ముండాదంటే ఈడ ఎవురో కాపరం సేసినారని లెక్క."

నిజానికి అది ఆ సబ్జెక్టులో పెద్ద విషయం. విశ్వం పుట్టినప్పుడు దుమ్ము లేదు. నక్షత్రాలు పుట్టి, కాలి, పోతేనే దుమ్ము పుడుతుంది. తొలి గెలాక్సీలో దుమ్ము కనబడిందంటే, అప్పటికే అక్కడ ఒక తరం నక్షత్రాలు బతికి వెళ్ళిపోయాయన్నమాట. ఆయమ్మకు ఇదంతా అక్కర్లేదు.

"కాపరం సేసేది మీరే గదా మేడం ఈడ," అనేది ఆయమ్మ. "ఇంటికి పోతే గదా, ఆడ దుమ్ముండాదో లేదో తెలిసేది."

మేడం చేతిసంచిలో ఎప్పుడూ ఉండేవి: చిన్న ట్రాన్సిస్టర్ రేడియో, కత్తెర, ఉప్పూకారం కలిపిన పొట్లం, వాటికి తోడు అప్పటి రుతువును బట్టి గొడుగో, బెంగుళూరా రకం మామిడికాయలో. కత్తెర సంగతి తర్వాత చెబుతాను. రేడియో మాత్రం పాటలకు కాదు. విద్యార్థులు నేర్చుకోవడానికని డిపార్ట్‌మెంటు మిద్దె మీద ఒక చిన్న ఏంటెన్నా కట్టుకున్నాం. సూర్యుడి రేడియో శబ్దం వినాలని మా కోరిక. సూర్యుడికన్నా ముందు మాకు ఊరు వినబడేది. ఆటోల ప్లగ్గులు, వెల్డింగ్ షాపులు, ప్రాణం పోతూ కొట్టుకునే ట్యూబులైట్లు. మేడం ట్రాన్సిస్టర్‌ను రెండు స్టేషన్ల మధ్య ఖాళీలో పెట్టి, చెవికి ఆనించుకుని, గరగర ఎటువైపు పెరిగితే అటు నడిచేవారు. మట్టమధ్యాహ్నం, ఎండకు తలమీద కొంగు కప్పుకుని, కళ్ళు సగం మూసుకుని రోడ్డు వెంబడి పోతుంటే మేం వెనకాల నడిచేవాళ్ళం. ఆ రోజుల్లో చెవి దగ్గర రేడియో పెట్టుకున్న మనిషి కనబడితే ఎవరైనా అడిగేది ఒకటే.

"మేడం, స్కోరెంత?"

"తెలీదప్పా. నేను ఇనేది సద్దు."

"సద్దంటే ఎవురో ఔటైనట్లుండాదే!"

"ఇంకా ఎవురూ కాలేదు. మీ వెల్డింగు మిషను ఒక్క నిమిషం ఆపితే సెప్తా."

వెల్డరు ఆపేవాడు. రేడియోలో గరగర ఆగిపోయేది. మేడం ముఖం విప్పారేది. "మీరే!" అనేవారు, తప్పిపోయిన చుట్టం దొరికినట్టు. ఆ పని మానుకోమని గానీ, తగ్గించుకోమని గానీ ఆమె ఎవరికీ చెప్పగా నేను వినలేదు. ఏ వేళల్లో పనిచేస్తారో, ఎప్పుడు భోజనానికి లేస్తారో కనుక్కుని వచ్చేసేవారు. "ఆయన పని ఆయన సేసుకోనీ. ఆయన అన్నం తినే టయానికి మనం సూర్యుణ్ణి ఇందాం."

పగటిపూట ఈ పని ఏమిటని కొందరికి అనుమానం. చుక్కలు చూసేవాళ్ళు రాత్రిళ్ళు మేలుకోవాలి కదా అని ఒకసారి ఆఫీసు గుమాస్తా ఒకాయన అడిగేశాడు. "రాత్రి నేను నిద్రపోతానప్పా," అన్నారు మేడం. "నా గెలాక్సీలు పగలు గూడా డ్యూటీలో ఉంటాయి."

ఆమె ఎక్కడున్నా ఒకే భాష మాట్లాడేవారు. వెల్డింగు షాపులో ఎలాగో, సెమినార్ హాల్లోనూ అలాగే. గుంటూరు నుంచి వచ్చిన మా హెడ్ సారుకు అది కొంచెం ఇబ్బందిగా ఉండేది. ఆమె దగ్గర చెల్లని మాట ఒకటి ఉండేది: 'కనుక్కున్నాం'. ఎవరైనా రిపోర్టులో ఆ మాట రాస్తే పెన్నుతో కొట్టేసి, పైన 'కనబడింది' అని రాసి ఇచ్చేవారు. "కనుక్కునేదానికి నువ్వేమన్నా దాసిపెట్టినావా? అది ఆడ ఉండాది. నీకు కనపడినాది. అంతే."

ఇక కత్తెర. దానికి ముందు మామిడికాయలు.

మేడం వాళ్ళది బంగారుపాళ్యం దగ్గర తోటల ఊరు. వాళ్ళ కాయలు హైవే పక్కనున్న గుజ్జు ఫ్యాక్టరీకి పోయేవి. కాలేజీ రోజుల్లో, వేసవి సెలవులకు వచ్చినప్పుడు, ఆమె నాయనతోపాటు ట్రాక్టరెక్కి ఫ్యాక్టరీ గేటు దాకా వెళ్ళేవారట. గేటు దగ్గర ఒకాయన కూర్చుని, మచ్చలున్న కాయలు ఏరి పక్కకు వేసేవాడు. ఈ కథ ఆమె ప్రతి కొత్త విద్యార్థికీ చెప్పేవారు. నేను చేరిన మొదటి వారంలోనే విన్నాను.

"ధర బాగుండే దినం మా కాయల్లో మచ్చలే ఉండవప్పా. ధర పడిపోయిన దినం, అదే సెట్టు, అవే కాయలు, బుట్టకు సగం మచ్చలు. ఆయప్ప దొంగని అనుకుంటావేమో. కాదు. మా నాయనకు బాగా కావాల్సినోడు. మా ఇంట్లో అన్నం తినే మనిషి. నిజంగానే ఆ పొద్దు ఆయప్ప కంటికి మచ్చలు ఎక్కువ కనపడతాయి. మా నాయన కొట్లాడినాడు, నేను గూడా కొట్లాడినాను. పై ఏటికి తెలిసినాది. ఆయప్పతో కొట్లాడేది ఏమీ లేదు. కాయలు ఏరేవానికి ధర తెలవకూడదు. అంతే."

మాకు టెలిస్కోపు నుంచి వచ్చే సరుకూ అలాంటిదే. పూణే వైపున్న పెద్ద రేడియో టెలిస్కోపు దగ్గరికి వెళ్ళి, పరిశీలన ముగించి, టేపుల్లో నింపుకుని రైల్లో తెచ్చుకునే డేటాలో గెలాక్సీ ఒక్కటే ఉండదు. పోలీసుల వాకీటాకీ ఉంటుంది, ఎక్కడో మెరిసిన మెరుపు ఉంటుంది, సరిగా పనిచేయని ఏంటెన్నా ఉంటుంది, తలమీదుగా పోయిన ఉపగ్రహం ఉంటుంది. దాన్ని చిన్న చిన్న ముక్కలుగా చూసుకుంటూ పోవాలి. చెడ్డ ముక్కలు ఏరి పారేసి, మిగిలినవి కూడితే గీత వస్తుంది. చిక్కు ఎక్కడంటే, గుంత ఏ చోట పడాలో ముందే తెలుసు. ఆ గెలాక్సీ ఎంత దూరమో మామూలు టెలిస్కోపులతో చూసినవాళ్ళు అప్పటికే చెప్పి ఉంటారు.

అందుకని మేడం తాను ఏరేవారు కాదు. ఏరేది మేము. మాకు ప్రింటు ఇచ్చేముందు, కాగితం అడుగున అంకెలుండే పట్టీని కత్తెరతో కత్తిరించేసేవారు. కంప్యూటర్ తెర మీద అదే చోట అట్టముక్క అంటించేవారు. కత్తిరించిన పట్టీలన్నీ ఆమె బల్ల మీద ఒక ఊరగాయ జాడీలో ఉండేవి. మా ముందున్న గీత ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో, గుంత ఏ మూల రావాలో మాకు తెలిసేది కాదు. పనంతా అయ్యాక పట్టీ తెచ్చి అడుగున ఆనించి చూసుకోవడమే. "బియ్యంలో రాయి అని తెలిస్తే తీయి. నచ్చలేదని మాత్రం తీయొద్దు," అనేవారు. కొత్తలో ఇదంతా చాదస్తంగా అనిపించేది.

నాకు సీనియర్ మునిరత్నం. పలమనేరు వైపు నుంచి వచ్చినవాడు, మా లాబులో అందరికన్నా నవ్వించేవాడు. ఆ ఏడు అతని ఫెలోషిప్ గడువు అయిపోతోంది. థీసిస్‌కు కావలసిన ఫలితం ఇంకా చేతిలో లేదు. ఏదైనా కనబడినట్టు చూపిస్తే గడువు పొడిగిస్తాం, లేకపోతే లేదని హెడ్ సార్ తేల్చి చెప్పేశారు. పొడిగింపు లేకపోతే చదువు మధ్యలో వదిలేసి పోవడమే. ఇంట్లో చెల్లెళ్ళ చదువులకు అతనే ఆధారం.

సరిగ్గా అప్పుడే అతనికి కామెర్లు వచ్చాయి. ఊరికి వెళ్ళి, పత్యం తింటూ పడుకున్నాడు. అతను తెచ్చిన టేపులు బీరువాలో ఉన్నాయి. గడువు సంగతి తేల్చే కమిటీ సమావేశం దగ్గరపడుతోంది. నేను అప్పుడు పరీక్షల్లో ఉన్నాను. మేడం ఆ టేపులు బయటికి తీసి, తానే కూర్చుని ఏరారు. "పిల్లోడు పండుకోనుండాడు. ఎవురో ఒకరు సెయ్యాల గదా," అన్నారు.

గుంత వచ్చింది. రావాల్సిన చోటే, రావాల్సినంత వెడల్పున. చూడ్డానికి నన్ను పిలిచారు. కుర్చీలో కూర్చోలేక నిలబడి ఉన్నారు. "కనుక్కున్నామప్పా!" అన్నారు. ఆమె నోట ఆ మాట వినడం నాకు అదే మొదలు, అదే చివర.

కబురు వెళ్ళింది. మునిరత్నం లేచి తిరిగేపాటికి వాళ్ళమ్మ తిరుమల వెళ్ళి మొక్కు తీర్చుకుంది. తలనీలాలిచ్చి, కొండ దిగి, బస్సులో నేరుగా డిపార్ట్‌మెంటుకే వచ్చింది. గుండు మీద కొంగు సర్దుకుంటూ, సంచీలోంచి లడ్డూలు తీసి అందరి చేతుల్లో తలా ఒక ముక్క పెట్టింది.

"మీరు సల్లగుండాల తల్లీ," అంది మేడంతో. "మావోనికి ఏందో గుంత దొరికినాదంట. నీళ్ళు పడినాయా?"

"నీళ్ళు కాదమ్మా. గ్యాసు."

"గ్యాసా!" ఆమె ఒక క్షణం ఆలోచించింది. "అదీ మంచిదేలే. మా ఊరికింకా కనెక్షనే రాలేదు."

మేడం కూడా నవ్వారు. లడ్డూ తిన్నారు. హెడ్ సార్ కూడా తిని, చెయ్యి తుడుచుకుంటూ, పొడిగింపు గురించి ఇక దిగులు పడొద్దని మునిరత్నం భుజం తట్టారు.

ఆ తర్వాత మేడం మా మధ్య తిరుగుతూనే ఉన్నారు గాని ఏదో ఆలోచనలో ఉన్నారు. నా పరీక్షలు అవ్వగానే పిలిచి, పేరు లేని టేపు ఒకటి చేతికిచ్చారు. తెరకు అట్టముక్క అప్పటికే అంటించి ఉంది.

"దీన్ని ఏరు."

"ఏ గెలాక్సీది మేడం?"

"అడగొద్దు."

ఎప్పుడూ ఏరినట్టే ఏరాను. వారం పైనే పట్టింది. అంకెల్లేని ప్రింటు తీసి ఇచ్చాను. మేడం దాన్ని తీసుకుని తూర్పు కిటికీ దగ్గరికి వెళ్ళారు. బల్ల సొరుగులోంచి ఇంకో కాగితం తీసి, రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టి, అద్దానికి ఆనించారు. పొద్దుటి ఎండ రెండు కాగితాల్లోంచీ వస్తోంది. రెండు గీతలూ ఒకే గీతలా ఉన్నాయి. ఒక దాని ప్రతి చిన్న వణుకూ రెండోదానిలో ఉంది. ఎత్తులు ఎత్తుల మీద, పల్లాలు పల్లాల మీద కూర్చున్నాయి. ఒక్కచోట తప్ప. కింది కాగితంలో గుంత ఉన్నచోట నా గీత చదునుగా పోతోంది.

మునిరత్నం టేపు అని అప్పుడు అర్థమయింది.

మేడం చేతులు దించలేదు. అలాగే కాగితాలు అద్దానికి పట్టుకుని చాలాసేపు చూశారు. తర్వాత, ఎవరో పక్కింటావిడ గురించి చెబుతున్నట్టు మెల్లగా చెప్పారు.

"ఇది గెలాక్సీది కాదప్పా. నేను తవ్వినాను. గుంత యాడ పడాల్నో నాకు తెలుసు. ఆ సోట పైకి లేసిన ముక్కలు నా కంటికి మచ్చలుగా కనపడినాయి. కిందికి దిగిన ముక్కలు బాగుండాయి అనిపించినాయి. ఒక్కటి గూడా దొంగతనంగా తీయలేదు. తీసిన ప్రతిదీ సెడ్డదే అని నిజంగా అనుకోనే తీసినా." కాగితాలు మడిచారు. "ఆ పిల్లోనికి కావాలని నా సెయ్యికి తెలుసు."

మునిరత్నాన్ని పిలిచి ఆ రోజే చెప్పారు. నేను గదిలోనే ఉన్నాను. అతను మొదట తన ధోరణిలోనే మాట్లాడాడు.

"లడ్డూ తినేసినాక గుంత లేదంటే ఎట్ల మేడం? కొండకు పోయి మా అమ్మ జుట్టు ఎనక్కి అడగల్నా?"

ఎవరూ నవ్వలేదు. అతని గొంతు మారింది.

"ఎవురికి తెలుస్తాది మేడం? ఈ తమ్ముడు ఏరితే ఒక రకంగా వచ్చినాది, మీరు ఏరితే ఒక రకంగా వచ్చినాది. సందేహంగా కనబడింది అని రాద్దాం. అందురూ అట్లే రాస్తారు. పొడిగింపు వస్తే మళ్ళా పోయి సూసుకోవచ్చు."

"సందేహం గెలాక్సీ మీద అయితే రాయొచ్చప్పా. ఇది నా మీద సందేహం. దాన్ని ఆకాశం మీదికి తోసేది ఎట్ల?"

"అయితే నన్ను పొమ్మంటారా?"

"నిన్ను పొమ్మనేది ఎవురు? గుంతను పొమ్మంటా ఉండా."

"రెండూ ఒకటే మేడం," అన్నాడు మునిరత్నం. తలుపు దగ్గరకు వేసి వెళ్ళిపోయాడు.

కమిటీలో నా పని ప్రొజెక్టర్ మీద పారదర్శక కాగితాలు పెట్టడం. మేడం ముందుగా తన గీత పెట్టమన్నారు. గోడ మీద గుంత అందంగా కనబడింది. సభ్యులు తలలూపారు. తర్వాత దాని మీద నాది పెట్టమన్నారు. రెండూ కలిసిపోయి, ఒక్కచోట విడిపోయాయి. కిటికీ దగ్గర నాకు చెప్పినదే వాళ్ళకూ చెప్పారు. ఒక్క ముక్క తగ్గించలేదు.

హెడ్ సార్ కళ్ళద్దాలు తీశారు. "మేడం, దీన్ని ఇక్కడ చెప్పాల్సిన అవసరం ఏముందండీ? వచ్చే నెల మీ ప్రొఫెసర్ ఇంటర్వ్యూ. ఇది మినిట్స్‌లోకి ఎక్కితే బాగుండదు."

"ఎక్కించండి సార్. ఏరింది నేను అని పేరు రాయండి. పిల్లోని పేరు రాయొద్దండి, వాడు ఆ టయంలో మంచంలో ఉండినాడు. గడువు మాత్రం వానికి పొడిగించండి."

"కనబడితే పొడిగిస్తామన్నాం. ఏమీ కనబడలేదని మీరే అంటున్నారు. ఇంక పొడిగింపు దేనికి?"

మేడం లేచి నిలబడ్డారు. కోపం లేదు. క్లాసులో చెప్పినట్టే చెప్పారు.

"బాయిలో నీళ్ళు లేవని సెప్పేవాడు తాడు ఎంత పొడుగో గూడా సెప్పాల సార్. పది బారలు ఏసి లేవంటే ఒక మాట. నూరు బారలు ఏసి లేవంటే ఇంకో మాట. మన తాడు యాడికి అందినాదో మనకే ఇంకా తెలీదు. ఇంకోసారి పోయి, ఇంకా ఎక్కువసేపు సూసి, వాయువు ఇంతకన్నా ఎక్కువ లేదు అని గట్టిగా సెప్పాల. రేపు ఇంకా పెద్ద టెలిస్కోపు కట్టేవాళ్ళు ఆ తాడు కాడినుంచే మొదలుపెడతారు. లేదని సెప్పేదానికి గూడా టయం పడతాది సార్. ఆ పనే వాని థీసిస్."

హెడ్ సార్ కఠినుడే గాని చెడ్డవాడు కాదు. ఆరు నెలలు రాశారు. మినిట్స్‌లో మేడం చెప్పిన వాక్యమూ రాశారు. ఆ ఏడు ఆమెకు ప్రొఫెసర్ రాలేదు. ఆ సంగతి ఆమె ఎప్పుడూ ఎత్తలేదు. మేం ఎత్తితే, "అదొక గుంతలేప్పా," అని వేరే మాటలోకి వెళ్ళిపోయేవారు.

మునిరత్నం మాత్రం ఆమెతో మాట్లాడటం మానేశాడు. పని మానలేదు. పూణే వైపు మళ్ళీ వెళ్ళాడు, కొత్త టేపులు తెచ్చాడు, లెక్కలు చేశాడు. మేడం గదిలోకి వచ్చేవాడు, కాగితాలు పెట్టేవాడు, "ఊఁ", "సరే మేడం" అనేవాడు, వెళ్ళిపోయేవాడు. లాబులో నవ్వు తగ్గిపోయింది. మేడం అతన్ని కదిపేవారు కాదు. మామిడికాయలు కోసి ఉప్పూకారం చల్లి అందరి బల్లల మీదా పెట్టేటప్పుడు అతని బల్ల మీదా పెట్టేవారు. అవి సాయంత్రానికి కొన్ని రోజులు ఖాళీ అయ్యేవి, కొన్ని రోజులు అలాగే ఎండిపోయేవి.

కొత్త టేపులు ఏరడం నా వంతుకు వచ్చింది. ఎందుకని అడగలేదు. సీనియర్ ఇచ్చాడు, చేశాను. అంకెలు లేని ప్రింటు మునిరత్నం చేతికే ఇచ్చేశాను. ఫలితం ఏమిటో తర్వాత థీసిస్ చిత్తుప్రతిలో చదివి తెలుసుకున్నాను. గుంత లేదు. తాడు పొడుగు మాత్రం స్పష్టంగా ఉంది.

చివరి మౌఖిక పరీక్షకు బెంగుళూరు నుంచి ఒక పెద్దాయన వచ్చారు. తెలుగాయనే. హాలు నిండా విద్యార్థులు. మేడం వెనక వరసలో, కిటికీ పక్కన కూర్చున్నారు. ఆయన సాంకేతిక ప్రశ్నలన్నీ అడిగారు. మునిరత్నం ఎక్కడా తడబడలేదు. ఆఖరికి ఆయన థీసిస్ మూసి, దాని మీద చెయ్యి పెట్టి అడిగారు.

"ఇన్నేళ్ళు వెతికి, ఏమీ కనబడలేదని ఇంత లావు పుస్తకం రాశారు. నిరాశగా లేదా?"

"ఉండాది సార్," అన్నాడు మునిరత్నం. "ఆ గుంత రావాలని ఈ హాల్లో నాకన్నా ఎక్కువ కోరుకున్నోళ్ళు లేరు. అందుకే కొత్త టేపులు నేను ముట్టుకోలేదు. ఈ తమ్మునితో ఏరించినా."

అందరూ నా వైపు తిరిగారు. నేను కాగితాలు చూసుకున్నాను.

"మరి ఫలితం చూసినప్పుడు?"

మునిరత్నం నీళ్ళ గ్లాసు పక్కకు జరిపాడు.

"ఆ పొద్దు మేడం, నేను ఇద్దరమే ఉండినాం సార్. అంకెల పట్టీ తెచ్చి ఆనించి సూసినాం. ఏమీ లేదు. తీసి, మళ్ళా ఆనించి సూసినాం. అప్పటికి మేడంతో నేను మాట్లాడక శానా నెల్లు అయిపోయినాయి. ఆమె ఏమీ అన్లేదు. నేనే అడిగినా, మేడం, కాఫీకి పోదామా అని. ఇద్దరం క్యాంటీనుకు పోయి కాఫీ తాగినాం. అంతే సార్."

పెద్దాయన పెన్ను మూత తీశారు. సంతకం పెట్టబోతుండగా వెనక వరసలోంచి మేడం గొంతు వినబడింది.

"కాఫీ కాదు సార్." లేచి నిలబడ్డారు. "అడిగింది కాఫీనే. పాలు ఇరిగిపోయినాయని పాల్లేని టీ ఇచ్చినాడు. మేము తాగింది అది."

మునిరత్నం వెనక్కి తిరిగి ఆమెను చూశాడు.

"అవును సార్, టీ," అన్నాడు. "సవరించుకుంటా."